పంటికి ఎంత? మిల్లింగ్‌లో ఫీడ్ లెక్క

మిల్లింగ్ యంత్రంలో కటర్ ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంటే, వైస్‌లో బిగించిన లోహపు ముక్కను టేబుల్ దాని కిందికి తీసుకువెళ్తుంది. ఆ టేబుల్ నిమిషానికి ఎన్ని మిల్లీమీటర్లు కదులుతుందో చెప్పే సంఖ్యనే ఫీడ్ రేటు అంటారు. యంత్రం మీద కనిపించేది, డయల్ తిప్పి మార్చగలిగేది ఈ సంఖ్యే కావడంతో నేర్చుకునేవారి దృష్టి మొదట దాని మీదే నిలుస్తుంది. అయితే కటర్‌కు నిమిషం సంగతి తెలియదు. దానికి తెలిసిందల్లా తన ఒక్కొక్క పన్ను లోహంలోకి దిగిన ప్రతిసారీ ఎంత మందం పొరను తీయవలసి వచ్చిందన్నదే. ఈ మందానికి ఆధారమైన కొలతను, అంటే ఒక పన్ను కోసిన తరువాత దాని వెనుక పన్ను అదే చోటికి వచ్చేలోగా టేబుల్ జరిగిన దూరాన్ని, పంటికి ఫీడ్ అంటారు. ఈ అధ్యాయంలోని లెక్కలన్నీ ఆ చిన్న దూరం చుట్టూ తిరుగుతాయి. అది కుదిరితే మిగిలినవి చాలావరకు కుదురుతాయి, అది తప్పితే ఎంత ఖరీదైన కటరైనా నిలవదు.

తెలంగాణలోని కొండగట్టు పరిసరాల్లో ఈ లెక్క అవసరం రెండు వైపుల నుంచి వస్తుంది. గుట్టకు దగ్గరలోని నాచుపల్లిలో 2007లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం వారి ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడినప్పటి నుంచి మెకానికల్ శాఖ విద్యార్థులు మెషిన్ టూల్స్ పాఠంలో ఈ సూత్రాలను చదువుతున్నారు. మరోవైపు సిరిసిల్లలో వేల సాంచాలు నడుస్తున్నాయి. మరమగ్గాన్ని అక్కడ సాంచె అనే పిలుస్తారు. వాటి షాఫ్ట్‌లు, పళ్ళ చక్రాలు, బ్రాకెట్లు అరిగినప్పుడల్లా సాంచెల యజమానులైన ఆసాములు వాటిని వర్క్‌షాపుకు తేక తప్పదు. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో వరి, పసుపు, మొక్కజొన్న సాగుకు వాడే యంత్రాల మరమ్మతు కూడా ఇలాంటి పనే. కళాశాలలో సూత్రం ఉంటుంది కాని చేతిలో పని తక్కువ. వర్క్‌షాపులో పని దండిగా ఉంటుంది కాని సూత్రాన్ని వాడే అలవాటు తక్కువ. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసినప్పుడే పనితనం పూర్తవుతుంది.

ఉదాహరణకు సాంచె షాఫ్ట్ మీద చేసే కీ వేను తీసుకోవచ్చు. కీ వే అంటే షాఫ్ట్ పొడవు దిశలో కోసే సన్నని గాడి. అందులో కూర్చునే కీ అనే ఉక్కు ముక్క షాఫ్ట్‌నూ దాని మీది చక్రాన్నీ కలిపి తిప్పుతుంది. సాధారణ సాంచెలో క్రాంక్ షాఫ్ట్ ఒక చుట్టు తిరిగితే ఒక పేక పడుతుంది, దానితో పళ్ళ చక్రాల ద్వారా కలిసిన బాటమ్ షాఫ్ట్ ఆ సమయంలో అర చుట్టు తిరుగుతుంది. పడుగు పోగులు విడిపోవడం, నాడె ఒక పక్క నుంచి మరో పక్కకు దూసుకుపోవడం, పడిన పేకను ముందుకు తట్టడం అనే మూడు పనులూ ఈ షాఫ్ట్‌ల మధ్య ఉన్న కోణాన్ని బట్టి ఒకదాని వెంట ఒకటి జరగాలి. 30 మిల్లీమీటర్ల షాఫ్ట్ మీది కీ వేలో కీకి 0.2 మిల్లీమీటర్ల సందు మిగిలితే చక్రం షాఫ్ట్ మీద ముప్పాతిక డిగ్రీ మేర అటూ ఇటూ కొట్టుకుంటుంది. ముప్పాతిక డిగ్రీ చిన్నదే కావచ్చు, కాని నాడెను విసిరిన ప్రతిసారీ షాఫ్ట్ మీద పడే కుదుపు ఆ సందులోనే దెబ్బగా మారుతుంది. నిమిషానికి నూరు చుట్లకు పైగా తిరిగే యంత్రంలో అలాంటి దెబ్బలు తింటూ గాడి గోడలు నలిగి, సందు మరింత పెరిగి, చివరకు నాడె సమయం తప్పుతుంది. నాడె పడుగు మధ్యలో చిక్కుకుంటే వందల పోగులు తెగుతాయి, వాటిని అతికేదాకా సాంచె ఆగుతుంది, నేసిన మీటర్లను బట్టి కూలి అందుకునే మనిషికి ఆ గంటల సంపాదన పోతుంది. గాడి గోడలు నిటారుగా, నున్నగా, సరైన కొలతలో రావడానికి కారణమయ్యే అంశాల్లో ఫీడ్ ముఖ్యమైనది కనుక, మిల్లింగ్ చేసేవారి లెక్క నేసేవారి ఇంటి దాకా పోతుందని చెప్పడం అతిశయోక్తి కాదు.

వర్క్‌షాపులో కొత్తగా చేరిన కుర్రవాడు "ఉస్తాద్, ఫీడ్ ఎంత పెట్టాలె?" అని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు "మెల్లగ పోనియ్యి" అన్నదే. ఈ జవాబులో మంచి ఉద్దేశం ఉంది. కటర్ విరగకూడదు, ముక్క ఎగరకూడదు, కుర్రవాడి చేతికి దెబ్బ తగలకూడదు. ఉస్తాద్ తాను పని చేసేటప్పుడు మాత్రం మెల్లగా పోనివ్వడు. ఏళ్ళ తరబడి విన్న శబ్దం, చూసిన చిప్ రంగు, చేతికి తగిలిన అదురును బట్టి ఎక్కడ వేగం పెంచాలో అతనికి తెలుసు. ఆ జ్ఞానం అతని చెవిలో, చేతిలో ఉంది గాని మాటల్లోకి దిగదు, అందుకే శిష్యుడికి చేరేది భయం ఒక్కటే అవుతుంది. తెలియని చోట చెయ్యి వెనక్కి తీసుకోవడం వివేకంలా కనిపిస్తుంది. మిల్లింగ్‌లో మాత్రం అలా తగ్గించిన ఫీడ్ చాలాసార్లు కటర్‌నే తినేస్తుంది. ఎందుకో తెలియాలంటే ముందుగా లెక్క తెలియాలి.

లెక్క కోత వేగంతో మొదలవుతుంది. కటర్ అంచు మీది ఒక బిందువు లోహం మీదుగా నిమిషానికి ఎన్ని మీటర్లు పరుగెత్తుతుందో అదే కోత వేగం. ఇది కోయబడే లోహాన్నీ, కోసే పనిముట్టు పదార్థాన్నీ బట్టి ఉంటుంది, ఎందుకంటే వేగం పెరిగేకొద్దీ అంచు వేడెక్కుతుంది, ఒక హద్దు దాటితే అంచు తన గట్టిదనాన్ని కోల్పోతుంది. హైస్పీడ్ స్టీల్, అంటే అందరూ హెచ్‌ఎస్‌ఎస్ అని పిలిచే కటర్‌తో మెత్తని ఉక్కు అయిన ఎంఎస్‌ను నిమిషానికి 25 నుంచి 30 మీటర్ల వేగంతో, షాఫ్ట్‌లకు వాడే ఈఎన్-8 ఉక్కును 20 నుంచి 25 మీటర్లతో, బీడును సుమారు 20 మీటర్లతో కోయవచ్చు. అల్యూమినియానికి 60 మీటర్లు దాటినా ఫరవాలేదు. కార్బైడ్ ముక్కలు బిగించిన కటర్ అయితే ఉక్కుకూ బీడుకూ ఇవే వేగాలు నాలుగైదు రెట్లవుతాయి. ఈ వేగం నుంచి స్పిండిల్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో ఇలా వస్తుంది:

స్పిండిల్ చుట్లు = (1000 × కోత వేగం) ÷ (3.14 × కటర్ వ్యాసం)

కటర్ వ్యాసం మిల్లీమీటర్లలోనూ కోత వేగం మీటర్లలోనూ ఉండటం వల్ల పైన 1000 వచ్చింది. ఈ సూత్రం చెప్పే ముఖ్య విషయం ఏమిటంటే కటర్ ఎంత సన్ననిదైతే అది అంత ఎక్కువ చుట్లు తిరగాలి. పెద్ద ఫేస్ మిల్‌తో పని ముగించి చిన్న ఎండ్ మిల్ బిగించినప్పుడు పాత స్పీడ్‌నే వదిలేయడం వర్క్‌షాపుల్లో తరచుగా జరిగే పొరపాటు.

తరువాత వచ్చేదే అసలు సూత్రం:

ఫీడ్ రేటు = పంటికి ఫీడ్ × పళ్ళ సంఖ్య × స్పిండిల్ చుట్లు

ఇప్పుడు కీ వే లెక్క చేయవచ్చు. భారతీయ ప్రమాణం ఐఎస్ 2048 ప్రకారం 30 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కు 8 మిల్లీమీటర్ల వెడల్పు, 7 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న కీ వాడాలి, షాఫ్ట్‌లో గాడి లోతు 4 మిల్లీమీటర్లు. ఈఎన్-8 షాఫ్ట్, రెండు పళ్ళున్న 8 మిల్లీమీటర్ల హెచ్‌ఎస్‌ఎస్ స్లాట్ డ్రిల్ అనే గాడి కటర్, కోత వేగం 25 మీటర్లు అనుకుంటే, 25,000ను 25.13తో భాగించగా స్పిండిల్ నిమిషానికి సుమారు 995 చుట్లు తిరగాలి. గేర్‌బాక్స్ ఉన్న యంత్రంలో ఆ సంఖ్య దొరకదు. 900 దొరుకుతుంది, 1120 దొరుకుతుంది. వేగం హద్దు దాటితే అంచు త్వరగా పోతుంది కనుక తక్కువ మెట్టు అయిన 900ను ఎంచుకోవాలి. ఆ పరిమాణపు కటర్‌కు ఉక్కులో పంటికి 0.03 మిల్లీమీటర్లు తగిన ఫీడ్. 0.03ను 2తో, 900తో గుణిస్తే ఫీడ్ రేటు నిమిషానికి 54 మిల్లీమీటర్లు వస్తుంది. యంత్రంలో దగ్గరి మెట్టు 50. ఇక్కడితో ఆపకుండా తిరిగి వెనక్కి లెక్కించడం మంచి అలవాటు: 50ని 1800తో భాగిస్తే పంటికి 0.028 మిల్లీమీటర్లు, అంటే కోరుకున్నదానికి దగ్గరగానే ఉంది. 40 మిల్లీమీటర్ల పొడవున్న గాడిలో కటర్ కేంద్రం నడిచే దూరం 32 మిల్లీమీటర్లే, ఎందుకంటే రెండు చివరలా కటర్ వ్యాసంలో సగం సగం తనంతట తానే కోయబడుతుంది. రెండు మిల్లీమీటర్ల చొప్పున రెండు కోతలు తీస్తే ఒక్కో కోతకు 38 సెకన్లు చాలు.

ఇప్పుడు "మెల్లగ పోనియ్యి" అన్న మాటను ఇదే పనికి అన్వయిస్తే, కుర్రవాడు స్పిండిల్‌ను 900లోనే ఉంచి ఫీడ్‌ను యంత్రంలోని అతి తక్కువ మెట్టు అయిన 16కు దించాడనుకోవాలి. పంటికి అందే ఫీడ్ 0.009 మిల్లీమీటర్లకు పడిపోతుంది. కటర్ అంచు కంటికి ఎంత పదునుగా కనిపించినా సూక్ష్మదర్శిని కింద గుండ్రంగానే ఉంటుంది, కొంత వాడిన అంచుకు ఆ గుండ్రదనపు వ్యాసార్ధం 0.02, 0.03 మిల్లీమీటర్ల దాకా ఉండవచ్చు. తీయవలసిన పొర ఆ గుండ్రదనంలో మూడో వంతు కన్నా పలచనైతే పన్ను లోహంలోకి దిగలేదు. మొద్దు కత్తిని టమాట మీద అలవోకగా ఆనించినప్పుడు తొక్క తెగకుండా కత్తి జారిపోయినట్టే, పన్ను లోహాన్ని నొక్కి, రుద్ది, వేడి పుట్టించి ముందుకు పోతుంది. అలా వదిలేసిన పొర తరువాతి పంటికి జత అవుతుంది, అప్పుడు ఒక్కసారిగా కోత పడుతుంది, మళ్ళీ రుద్దుడు మొదలవుతుంది. యంత్రం నుంచి కీచుమనే శబ్దం వచ్చేది, గాడి గోడ మీద మెరుగు పెట్టినట్టుండే మచ్చలు పడేది అందుకే. ఆ మెరుపును చూసి నునుపని భ్రమపడకూడదు.

మరో వైపు నుంచి చూస్తే నష్టం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. నిమిషానికి 50 మిల్లీమీటర్ల ఫీడ్‌తో ఆ 32 మిల్లీమీటర్లు కోయడానికి కటర్ పళ్ళు మొత్తం 1152 సార్లు లోహంలోకి దిగితే సరిపోతుంది. 16 మిల్లీమీటర్ల ఫీడ్‌తో అదే దూరానికి 3600 సార్లు దిగాలి. గాడి అదే, తీసిన లోహం అంతే, కాని అంచు మీద పడిన రాపిడి మూడు రెట్లకు పైగా పెరిగింది. కటర్‌ను కాపాడుతున్నానని అనుకున్న చెయ్యి దాని ఆయుష్షును మూడో వంతుకు దగ్గరగా తెచ్చింది. స్టెయిన్‌లెస్ స్టీల్ విషయంలో ఇది మరీ ప్రమాదం. 304 రకం స్టీల్‌ను రుద్దితే దాని ఉపరితలం అక్కడికక్కడే గట్టిపడుతుంది, తరువాతి పన్ను ఆ గట్టిపడిన పొరను కోయవలసి వస్తుంది, ఇక కటర్ నిమిషాల్లో మొద్దుబారుతుంది. అందుకే నిజంగా నెమ్మది కావాలనుకున్న చోట ఫీడ్ ఒక్కదాన్నే తగ్గించకుండా స్పిండిల్‌ను కూడా అదే నిష్పత్తిలో తగ్గించాలన్నది ఈ అధ్యాయం నుంచి తీసుకోవలసిన మొదటి పని నియమం.

పంటికి ఫీడ్ ఎంత ఉండాలన్నది కటర్ తయారీదారు పట్టికలో దొరుకుతుంది, అయితే ఆ సంఖ్య ఎలా పుట్టిందో తెలిసినవారికే పట్టిక లేనిచోట ధైర్యం ఉంటుంది. పై హద్దును నిర్ణయించేది కటర్ బలం. ఎండ్ మిల్ ఒక చివర పట్టి ఉన్న కడ్డీలాంటిది కనుక కోత బలానికి వంగుతుంది. ఆ వంపు బయటికి ఉన్న పొడవు ఘనానికి తగినట్టుగా పెరుగుతుంది, వ్యాసం నాలుగో ఘాతానికి తగినట్టుగా తగ్గుతుంది. అంటే కటర్‌ను పట్టి ఉంచే కోలెట్ నుంచి బయటికి ఉన్న పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లు, వ్యాసం సగమైతే పదహారు రెట్లు. 8 మిల్లీమీటర్ల కటర్‌కు 0.03 సరిపోయినప్పుడు 4 మిల్లీమీటర్ల కటర్‌కు 0.01, 0.015 దగ్గర ఆగవలసి రావడానికీ, 16 మిల్లీమీటర్ల కటర్‌కు 0.06 దాకా పోవడానికీ ఇదే కారణం. అవసరం లేకపోయినా పొడవు కటర్ బిగించి, అది అదురుతోందని ఫీడ్ తగ్గించడం కన్నా, కటర్‌ను కోలెట్‌లోకి మరింత లోపలికి నెట్టి బిగించడం ఎంతో మేలు.

పాత యంత్రాల మీద పనిచేసేవారు మరో రెండు విషయాలను లెక్కలో చేర్చుకోవాలి. మొదటిది రన్‌అవుట్, అంటే కటర్ తన అక్షం మీద సరిగ్గా కాక కొంచెం పక్కకు తిరగడం. డయల్ ఇండికేటర్‌ను కటర్‌కు ఆనించి స్పిండిల్‌ను చేత్తో తిప్పినప్పుడు ముల్లు మొత్తం 0.03 మిల్లీమీటర్లు ఊగిందంటే, రెండు పళ్ళ కటర్‌లో ఒక పన్ను రెండోదానికన్నా అంత మేర బయటికి ఉందన్నమాట. పంటికి 0.028 ఇవ్వాలని లెక్క వేసిన చోట బయటికి ఉన్న పన్నే మొత్తం 0.056నూ తీసుకుంటుంది, లోపలి పన్ను గాలిలో తిరుగుతుంది. కాగితం మీద రెండు పళ్ళు, యంత్రంలో ఒకటే పన్ను. ఇలాంటప్పుడు ఫీడ్ మార్చే ముందు కోలెట్‌ను విప్పి, లోపల ఇరుక్కున్న రజనును తుడిచి, మళ్ళీ బిగించి చూడాలి. చాలాసార్లు దోషం అక్కడే తేలిపోతుంది.

రెండోది బ్యాక్‌లాష్. టేబుల్‌ను నడిపే లెడ్‌స్క్రూకూ దాని నట్టుకూ మధ్య అరుగుదల వల్ల ఏర్పడే ఖాళీనే అలా అంటారు, వర్క్‌షాపుల్లో దీన్ని ప్లే అనడం ఎక్కువ. కటర్ తిరిగే దిశకు ఎదురుగా ముక్కను పంపితే కోత బలం టేబుల్‌ను వెనక్కి నెడుతుంది, నట్టు స్క్రూకు ఆనుకునే ఉంటుంది, ఖాళీ వల్ల హాని ఉండదు. అదే దిశలో పంపితే కటర్ ముక్కను తనవైపు లాక్కుంటుంది. ఖాళీ అర మిల్లీమీటరు ఉంటే టేబుల్ ఒక్క గంతులో అంత దూరం ముందుకు దూకవచ్చు, అప్పుడు 0.03 తినవలసిన పంటి నోట్లో పదిహేను రెట్లకు పైగా లోహం పడుతుంది. కటర్లు విరిగేది ఎక్కువగా ఇక్కడే, నింద పడేది మాత్రం ఫీడ్ డయల్ మీద. ఖాళీ దాదాపు లేని బాల్‌స్క్రూలున్న సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) యంత్రాల్లో ఈ భయం లేదు. అక్కడ ఒకే దిశ కోతే మేలు, ఎందుకంటే పన్ను మందమైన పొరతో మొదలై పలచగా ముగుస్తుంది, రుద్దుడు తక్కువ. ఎదురు కోతలో పొర సున్నా మందంతో మొదలవుతుంది కనుక ప్రతి పన్నూ మొదట కొంత రుద్దక తప్పదు. పాత యంత్రాల మీద మరీ తక్కువ ఫీడ్ పెట్టకూడదనడానికి ఇది అదనపు కారణం.

సాంచె బ్రాకెట్లు, పక్క చట్రాల వంటివి బీడుతో పోసినవి. వాటి చదును ముఖాలను ఫేస్ మిల్‌తో తీసేటప్పుడు లెక్క అదే సూత్రంతో నడిచినా అంకెలు పెద్దవవుతాయి. 63 మిల్లీమీటర్ల వ్యాసం, ఐదు కార్బైడ్ ముక్కలు ఉన్న ఫేస్ మిల్, కోత వేగం 100 మీటర్లు అనుకుంటే స్పిండిల్ 505 చుట్లు, దొరికే మెట్టు 450. పంటికి 0.15 ఇస్తే ఫీడ్ 337 వస్తుంది, యంత్రంలో 315 పెట్టాలి. నిమిషానికి 50 చూసి వచ్చిన కంటికి 315 అనే సంఖ్య దడ పుట్టిస్తుంది, అయితే ఒక్కో పంటి మీద పడే బాధ్యత 0.14 మిల్లీమీటర్లే, ఆ కార్బైడ్ ముక్క తయారైందే దానికోసం.

ఇక్కడ చూడవలసింది మోటారు శక్తి. రెండు మిల్లీమీటర్ల లోతు, 45 మిల్లీమీటర్ల వెడల్పు, 315 ఫీడ్ అంటే నిమిషానికి సుమారు 28 ఘన సెంటీమీటర్ల బీడు ఊడిపోతుంది. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న బీడు పొరను తీయడానికి సుమారు 1900 న్యూటన్ల బలం కావాలి; ఆ లెక్కన కటర్ దగ్గర 0.9 కిలోవాట్లు, గేర్లలో పోయే నష్టం కలుపుకుంటే మోటారు దగ్గర 1.2 కిలోవాట్లు, అంటే 1.6 హెచ్‌పీ అవసరం. మూడు హెచ్‌పీ యంత్రానికి ఇది సులువు, ఒక హెచ్‌పీ యంత్రానికి అసాధ్యం. శక్తి చాలని యంత్రంలో తగ్గించవలసింది ముందుగా కోత వెడల్పునో లోతునో. పంటికి ఫీడ్‌ను చివరికి ముట్టుకోవాలి.

లోతు విషయంలో కూడా భయం తప్పుదారి పట్టిస్తుంది. పోత పోసిన బీడు పైపొర లోపలి లోహం కన్నా గట్టిగా ఉంటుంది, అందులో అచ్చు ఇసుక రేణువులు అంటుకుని ఉంటాయి. మొదటి కోతగా అర మిల్లీమీటరు తీద్దామనుకుంటే కటర్ పళ్ళ మొనలు ఆ గట్టి పొరలోనే తిరుగుతూ అరిగిపోతాయి. రెండు మిల్లీమీటర్లు తీస్తే మొనలు మెత్తని లోహంలో నడుస్తాయి, గట్టి పొరను పంటి పక్క భాగం తేలికగా తొలగిస్తుంది. అయితే ఒక చోట మాత్రం తగ్గించడమే సరైనది. బీడు పెళుసు లోహం కనుక కటర్ ముక్క చివరి అంచు దాటి బయటికి వెళ్ళేటప్పుడు ఆ అంచు పెచ్చులుగా రాలిపోతుంది. చివరి కొద్ది మిల్లీమీటర్లలో ఫీడ్‌ను సగానికి దించడమో, ముందే అంచును ఆకురాయితో ఏటవాలు చేయడమో తెలిసినవారు చేసే పని.

సన్నని పక్క కోతల్లో ఒక వింత ఉంది, దాన్ని పట్టించుకోకపోతే పుస్తకంలోని సంఖ్య పెట్టి కూడా రుద్దుడులోనే పడవచ్చు. 16 మిల్లీమీటర్ల ఎండ్ మిల్‌తో గోడ పక్క నుంచి ఒక్క మిల్లీమీటరే తీస్తున్నప్పుడు పన్ను లోహాన్ని అంచు మీదనే తాకి వెళ్ళిపోతుంది, పూర్తి మందానికి చేరేలోగానే బయటికి వస్తుంది. ఇలాంటప్పుడు పొర గరిష్ఠ మందం తెలియాలంటే కోత వెడల్పును వ్యాసంతో భాగించి, ఆ భిన్నాన్ని ఒకటిలోంచి తీసివేయగా మిగిలినదానితో గుణించి, వర్గమూలం కట్టి, దాన్ని రెట్టింపు చేసి, పంటికి ఫీడ్‌తో హెచ్చించాలి. ఇక్కడ ఒకటిని పదహారుతో భాగిస్తే 0.0625, దాన్ని 0.9375తో గుణించి వర్గమూలం కడితే 0.242, రెట్టింపు 0.484. అంటే డయల్ మీద ఇచ్చిన ఫీడ్‌లో సగం మందమే పొరకు వస్తోంది. నాలుగు పళ్ళ కటర్ 450 చుట్లతో తిరుగుతుంటే, పొర నిజంగా 0.05 ఉండాలంటే పంటికి 0.10 చొప్పున నిమిషానికి 180 పెట్టాలి. దొరికే మెట్టు 160. కోత వెడల్పు కటర్ వ్యాసంలో సగానికి చేరాక ఈ సవరణ అవసరం లేదు.

ఈ అధ్యాయంలో పదే పదే వచ్చిన 16, 50, 315, 450, 900 అనే మెట్లు యాదృచ్ఛికం కావు. హెచ్‌ఎంటీ సంస్థ తన పింజోర్ కర్మాగారంలో తయారు చేసిన ఎఫ్‌ఎన్-2 వంటి మిల్లింగ్ యంత్రాల్లో స్పీడ్‌లు, ఫీడ్‌లు ఒక్కో మెట్టుకు సుమారు నాలుగో వంతు చొప్పున పెరుగుతాయి: 16, 20, 25, 31.5, 40, 50 అలా. ఫ్రెంచి సైనిక ఇంజనీరు షార్ల్ రెనార్ 1870ల్లో బెలూన్లకు వాడే తాళ్ళ రకాలను తగ్గించడానికి వేసిన గుణశ్రేణి నుంచి ఈ పద్ధతి వచ్చింది. మెట్టు మెట్టుకూ నిష్పత్తి ఒకటే కనుక, లెక్కలో వచ్చిన సంఖ్యకు దగ్గరి మెట్టును ఎంచుకుంటే తేడా ఎక్కడైనా పది పన్నెండు శాతానికి మించదు. స్పీడ్‌ను ఒక మెట్టు దించినప్పుడు ఫీడ్‌ను కూడా ఒక మెట్టు దించితే పంటికి ఫీడ్ మారదు. కాగితం, కలం లేకుండా యంత్రం పక్కనే చేయగలిగిన లెక్క ఇది.

లెక్కను పనివాడి చేతికి అందించాలన్న తపన కొత్తది కాదు. అమెరికన్ ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ ఇరవై ఆరేళ్ళపాటు లోహపు కోత మీద వేల ప్రయోగాలు చేసి, కోతను శాసించే పన్నెండు అంశాలను గుర్తించి, ఆ ఫలితాలను 1906 డిసెంబరులో అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు ఉంచాడు. పన్నెండు అంశాల సమీకరణాన్ని యంత్రం ముందు నిలబడి విప్పడం ఎవరి తరమూ కాదు కనుక, ఆయన సహచరుడు కార్ల్ బార్త్ ఆ లెక్కను జరిపే స్లైడ్ రూల్ తయారు చేశాడు. భారత ప్రభుత్వం 1968లో హైదరాబాద్ బాలానగర్‌లో నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ తరతరాలుగా ఈ విద్యనే నేర్పుతోంది. బార్త్ స్లైడ్ రూల్ చేసిన పనిని నేడు జేబులోని ఫోన్ క్షణంలో చేస్తుంది, అయినా దానికి ఇవ్వవలసిన అంకెలను ఎంచుకునే తెలివి మనిషిదే. ఉస్తాద్ చెవి ఇక్కడ ఎంతో విలువైనది. ఆయన శబ్దం విని "ఇప్పుడు సరిగ్గ కోస్తుంది" అన్న క్షణంలో స్పీడ్, ఫీడ్, పళ్ళ సంఖ్య రాసుకుని భాగించి చూసే శిష్యుడికి, ఆ చెవి ఏళ్ళ కొద్దీ కూడబెట్టింది ఒక సంఖ్యగా చేతికి వస్తుంది. అలాంటి సంఖ్యలతో నిండిన నోటుపుస్తకంలో లోహం, కటర్ వ్యాసం, పళ్ళు, చుట్లు, ఫీడ్, లోతు, వెడల్పులతో పాటు ఎన్ని ముక్కల తరువాత కటర్‌కు సాన పట్టవలసి వచ్చిందో కూడా రాయాలి. చివరి అంకె లేని పట్టిక సగం పట్టికే.

సీఎన్‌సీ యంత్రంలో ఈ లెక్క ప్రోగ్రాంలోకి వెళుతుంది. జి94 అని రాస్తే ఎఫ్ పక్కనున్న సంఖ్య నిమిషానికి మిల్లీమీటర్లను, జి95 అని రాస్తే ఒక్కో చుట్టుకు మిల్లీమీటర్లను సూచిస్తుంది; మొదటిదనుకుని రెండోదాంట్లో 54 అని వేస్తే టేబుల్ చుట్టుకు 54 మిల్లీమీటర్లు దూకబోతుంది కనుక ప్రోగ్రాం మొదటి వరుసలోనే ఇది సరిచూసుకోవాలి. యంత్రం ప్యానెల్ మీద ఫీడ్ ఓవర్‌రైడ్ అనే గుండ్రటి మీట ఉంటుంది, నడుస్తున్న ఫీడ్‌ను శాతాల్లో తగ్గించడానికో పెంచడానికో అది పనికొస్తుంది, కొత్తవారి చెయ్యి ఎప్పుడూ దాని మీదే ఉంటుంది. కటర్ ముక్కను చేరేదాకా దాన్ని పది శాతంలో ఉంచి కొలతలు సరిచూసుకోవడం అవసరమైన జాగ్రత్తే. కోత మొదలైన తరువాత దాన్ని సగం దాకా మాత్రమే పెంచితే, 900 చుట్ల మీద 54గా రాసుకున్న ఫీడ్ 27 అయి, పంటికి 0.03 కాస్తా 0.015కు పడిపోతుంది. ముక్క బిగింపు మీద నమ్మకం చాలక సగం వేగంతోనే నడపాలనుకుంటే, ఫీడ్ మీటతో పాటు స్పిండిల్ మీటను కూడా యాభై శాతానికి తిప్పాలి. అప్పుడు 450 చుట్ల మీద 27 నడుస్తుంది, పంటికి మళ్ళీ 0.03 అందుతుంది.